జీలం ఒడ్డున బాపు పన్నెండు చుక్కలు

మంచిర్యాల ఇంకా జిల్లా కాని రోజులవి. ఒక్క సంతకం కోసం ఆదిలాబాద్ దాకా బస్సులో ఊగుతూ పోయి, 'సారు మీటింగుల ఉన్నడు, రేపు రాండ్రి' అనిపించుకుని, మళ్లీ ఊగుతూ తిరిగొచ్చే రోజులు. సెల్ ఫోన్లు చాలామంది చేతుల్లోకి వచ్చాయి కానీ వాటితో మాట్లాడడం తప్ప ఇంకో పని చేయవచ్చని మాకు తెలియదు. పరీక్షా ఫలితాల నుంచి గల్ఫ్ వీసా కాగితాల దాకా అన్నిటికీ ఇంటర్నెట్ సెంటరే దిక్కు. స్టేషన్ రోడ్డులోని అలాంటి ఒక సెంటర్‌లో, డిగ్రీ పూర్తయి ఏం చేయాలో తోచని నేను, కౌంటర్ దగ్గర కూర్చునేదాన్ని. వచ్చినవాళ్ల పేర్లు పుస్తకంలో రాసుకోవడం, ప్రింట్లు తీసివ్వడం నా ఉద్యోగం. మిగిలిన సమయంలో (అంటే రోజులో ముప్పాతిక భాగం) మూలనున్న ఆరో నంబరు కంప్యూటర్‌లో యుద్ధాలు చేయడం నా అసలు వృత్తి. ఏనుగులు, గుర్రాలు, విలుకాళ్లు, కోటలు... ఆరు నెలలు తిరిగేసరికి నేను జయించని రాజ్యం లేదు. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియదు కానీ, గుట్ట మీద విలుకాళ్లను ఎక్కడ నిలబెట్టాలో నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేదాన్ని. ఇంతటి విద్యకు లోకంలో గుర్తింపు లేదని అప్పట్లో నాకు నిజంగానే బాధగా ఉండేది.

లోకం సంగతి అటుంచితే, మా బాపు (అంటే మా నాన్న) దగ్గర అసలే లేదు. బాపు నస్పూర్ దగ్గర ఒక బొగ్గు బావి మీద ల్యాంప్ రూంలో పనిచేసేవాడు. బావిలోకి దిగే ప్రతి మనిషికీ టోపీకి తగిలించుకునే లైటు ఇవ్వాలి. షిఫ్టు దిగి పైకి వచ్చాక దాన్ని తిరిగి తీసుకుని, గోడకున్న అరల్లో అదే నంబరు ఖానాలో పెట్టాలి. ఖానా నిండితే ఆ మనిషి పైకి వచ్చినట్టు, ఖాళీగా ఉంటే ఇంకా కిందే ఉన్నట్టు. ఇరవై ఏళ్లు అదే పని చేసి చేసి బాపుకు కొన్ని అలవాట్లు పడిపోయాయి. పెళ్లికి పోతే పంక్తిలో మావాళ్లు ఎంతమంది కూర్చున్నారో లెక్కపెట్టేవాడు. రైలెక్కేటప్పుడు ఒకసారి, ఎక్కాక ఒకసారి మమ్మల్ని లెక్కపెట్టేవాడు. సినిమా హాల్లో కూర్చోగానే బయటికి పోయే రెండో తలుపు ఏ వైపు ఉందో చూసుకునేవాడు. "ఉన్నదే ముగ్గురం, ఎన్నిసార్లు లెక్కవెడ్తవయ్యా" అని అవ్వ (మా అమ్మ) విసుక్కునేది. ఇంకో అలవాటు మాత్రం మాకు అర్థమయ్యేది కాదు. ఇంట్లో చాయ్ ముట్టని మనిషి, రోజూ షిఫ్టు దిగాక బావి గేటు ముందున్న హోటల్లో ఒక కప్పు తాగి గానీ ఇంటికి వచ్చేవాడు కాదు. ఆ హోటల్ కర్ర మామది. ఆయన ఒకప్పుడు బావిలో పనిచేసినవాడే. ఒక కాలు లేదు, చంకలో కర్రతో నడుస్తాడు కాబట్టి ఊరందరికీ కర్ర మామే. "ఇంట్ల తాగవు, ఆడ ఎట్ల తాగుతవ్" అని అవ్వ అడిగితే, "ఆయన చాయ్ మంచిగుంటది" అనేవాడు. నేనూ తాగి చూశాను. ఏమంత మంచిగా ఉండేది కాదు.

అలాంటి రోజుల్లో టీవీలో ఒక ప్రకటన వచ్చింది. కొత్త గేమ్ షో, పేరు 'కంప్యూటర్ కురుక్షేత్రం'. వేల ఏళ్ల కిందటి యుద్ధాలను కంప్యూటర్‌లో మళ్లీ పుట్టిస్తారు. మన జట్టు ఒక సైన్యాన్ని నడిపించాలి, ఎదుటి సైన్యాన్ని కంప్యూటరే నడుపుతుంది. జట్టుకు ముగ్గురు: ఒక సేనాపతి, ఇద్దరు దళపతులు. ఆ ప్రకటన నా కోసమే వేశారని నాకు అనుమానం రాలేదు, నమ్మకమే కలిగింది. సేనాపతిగా నా పేరు, ఒక దళపతిగా మా సెంటర్ యజమాని పేరు రాసి పంపాను. (ఆయనను చిన్నా పెద్దా అందరూ భాయి అనేవారు. జీవితంలో ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగని మనిషి, యుద్ధానికి అంతకంటే పనికిరానివాడు మంచిర్యాలలో దొరకడు.) చిక్కల్లా మూడో మనిషి దగ్గర వచ్చింది. మూడోవారు 'కంప్యూటర్ ఎన్నడూ ముట్టని పెద్దవారు' అయి ఉండాలని నిబంధన. చూసేవాళ్లు నవ్వడానికి పెట్టి ఉంటారు.

అప్పటికి మా ఇంట్లో ఒక వాదన నెలలుగా నడుస్తోంది. నేను హైదరాబాద్ పోయి కంప్యూటర్ ఆటలు తయారుచేసే కోర్సు చేస్తానంటాను. బాపు వద్దంటాడు. "బొమ్మలాటలు నేర్చుకొని ఏం జేస్తవ్ బిడ్డా. ఈడనే బి.ఎడ్. చెయ్యి. పిల్లలకు నాలుగు ముక్కలు చెప్పుకుంట సక్కగ బతుకుతవ్." అందుకని నేను పందెం వేశాను. మూడో మనిషిగా బాపు రావాలి. గెలిస్తే నేను హైదరాబాద్ పోతాను. ఓడితే మారు మాట్లాడకుండా బి.ఎడ్. ఫారం నింపుతాను.

"ఓడిపోతె మల్ల ఏడ్వద్దు" అన్నాడు బాపు.

"నేను ఓడిపోను బాపు" అన్నాను. ఆ వయసులో ఈ మాట నేను రోజుకు నాలుగుసార్లు అనేదాన్ని.

బయల్దేరే ముందు వారం రోజులు సెంటర్‌లో బాపుకు శిక్షణ. షోలో దళపతులు నోటితో ఆజ్ఞ ఇస్తే చాలు, మీటలు నొక్కడానికి వాళ్ల మనుషులుంటారు. అయినా ఆట ఎలా ఉంటుందో చూడాలి కదా అని కూర్చోబెట్టాం. "చాచా, మౌస్‌ను గంత గట్టిగ పట్టకుండ్రి, అది ఏడికి ఉర్కది" అని భాయి బతిమాలేవాడు. మూడో రోజు బాపు తెర మీద వేలు పెట్టి అడిగాడు. "గీ పసుపు చుక్కలు ఏంది?"

"మన సైన్యం చాచా. ఒక్కో చుక్క అంటే నూరు మంది."

"చుక్క ఆరిపోతె?"

"గా నూరు మంది చనిపోయినట్టు."

బాపు మౌస్ మీద నుంచి చెయ్యి తీసేశాడు. "గిది పిల్లలు ఆడే ఆటనా" అన్నాడు. నేను పెద్దగా పట్టించుకోలేదు. నా మనసంతా మా బాపుకు ఏ దళం ఇస్తే తక్కువ నష్టం జరుగుతుందన్న దాని మీదే ఉంది.

హైదరాబాద్‌లో స్టూడియో బయటి నుంచి చూస్తే ధాన్యం గోదాములా ఉంది. లోపల మాకు అట్ట కవచాలు, బంగారు రంగు పూసిన అట్ట కిరీటాలు తొడిగారు. నా కిరీటం చెవుల మీదికి జారుతుంటే వెనక పిన్నీసు పెట్టారు. బాపుకు శిరస్త్రాణం ఇచ్చారు. దాన్ని పెట్టుకోగానే ఆయన చెయ్యి అలవాటుగా నుదుటి మీదికి పోయి, లైటు తగిలించే కొక్కెం కోసం వెతికింది. అది లేకపోయేసరికి కొంచెం తడబడ్డాడు. తర్వాత యాంకర్‌ను పక్కకు పిలిచి, "సారూ, బయటికి పోయే రెండో తొవ్వ ఎటున్నది" అని అడిగాడు. యాంకర్ బాత్రూం వైపు చూపించాడు. ఆ రోజు నేను సిగ్గుపడిన వాటిలో అది మొదటిది.

మాకు వచ్చింది జీలం నది ఒడ్డున అలెగ్జాండర్‌తో జరిగిన యుద్ధం. మాది పురుషోత్తముడి సైన్యం. గోడంత తెర మీద నది, బురద, ఇసుక మేట, అవతల ఎర్ర చుక్కలు, ఇవతల మా పసుపు చుక్కలు. పక్కన ఒక చరిత్ర సారును కూర్చోబెట్టారు, తెల్ల జుట్టు పెద్దాయన. ముందురోజు వాన పడి ఒడ్డంతా బురదైందనీ, నది దాటుతున్న శత్రువును ఆపడానికి పురుషోత్తముడు రథాలతో ఒక ముందు దళాన్ని పంపాడనీ, ఆ రథాలు బురదలో దిగబడ్డాయనీ ఆయన చెప్పాడు. నా ప్రణాళిక సిద్ధంగా ఉంది. ముందు దళం పోయి శత్రువును కొంతసేపు ఆపుతుంది. అది ఎలాగూ మిగలదు. ఆ లోపల భాయి ఏనుగులను నా ముందు గోడలా నిలబెడతాడు. అప్పుడు శత్రువు రావాలి, ఏనుగులు తొక్కాలి, నేను హైదరాబాద్ పోవాలి. ఎలాగూ మిగలని ఆ ముందు దళాన్ని, పన్నెండు చుక్కలను, బాపుకు ఇచ్చాను.

బాపు తన ముందు కూర్చున్న ఆపరేటర్ అమ్మాయిని మొదట అడిగింది ఒకటే. "ఎంతమందిని పంపుతున్నం బిడ్డా?" పన్నెండు చుక్కలని ఆ అమ్మాయి చెప్పింది. బాపు జేబులోంచి పెన్ను తీసి అరచేతిలో పన్నెండు అని రాసుకున్నాడు. "తిరిగి వచ్చే తొవ్వ ఏది?" అన్నాడు. ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను కిరీటం సర్దుకుని, "ముందుకు పొమ్మను బాపు, పొద్దువోతున్నది" అన్నాను.

చుక్కలు ముందుకు పోయాయి. కొంతసేపు అంతా నేను అనుకున్నట్టే జరిగింది. తర్వాత మూడు చుక్కలు బురదలో ఆగిపోయి మినుకుమినుకుమనడం మొదలుపెట్టాయి.

"ఏమైంది వాటికి?" అన్నాడు బాపు.

"రథాలు దిగబడ్డాయి సర్" అంది అమ్మాయి.

"తాళ్లేసి గుంజుమను."

"గేమ్‌లో తాళ్లు లేవు సర్."

"తాళ్లు లేకుండ యుద్ధానికి ఎట్ల వచ్చిన్రు?" అన్నాడు బాపు, ఆ తప్పు ఆ అమ్మాయిదే అన్నట్టు.

స్టూడియోలో నవ్వులు. నాకు చెమటలు. "బాపు, గా మూడింటిని వదిలెయ్యి. మిగిలిన తొమ్మిదిని ముందుకు తోలు" అన్నాను. బాపు వినలేదు. తొమ్మిదింటినీ వెనక్కి రప్పించి, బురదలో ఉన్న మూడింటి చుట్టూ నిలబెట్టాడు. యుద్ధంలో ఇలాంటి ఆజ్ఞను కంప్యూటర్ కూడా ఎన్నడూ వినలేదేమో, తెర ఒక క్షణం కదలకుండా నిలబడిపోయింది. "బాపు, అవి చుక్కలే. మనుషులు కాదు" అని అరిచాను. అప్పుడు బాపు నన్ను కాదని భాయి వైపు తిరిగాడు. "భాయి, జర రెండు ఏనుగులను ఇటు తోలు. అడ్డం నిలవడితె పోరగాండ్లు మెల్లగ బయటికి వస్తరు."

భాయి నన్ను చూశాడు, బాపును చూశాడు. నేను సేనాపతినే, కానీ బాపు పెద్దమనిషి. భాయి జీవితమంతా పెద్దమనుషుల మాట విన్నాడు. "ఫికర్ జేయకుండ్రి చాచా. రెండే ఏంది, ఒంటరిగ పోతె అవి పరేషాన్ అయితయి" అని, నా ముందు గోడలా నిలబడ్డ ఏనుగులన్నిటినీ నది ఒడ్డుకు పంపేశాడు.

ఏనుగులు పోయి బురద ముందు నిలబడ్డాయి. మూడు చుక్కలూ అంగుళం అంగుళంగా కదిలాయి. ఒకటి బయటపడింది. రెండోది వచ్చింది. మూడోది ఆగింది, మినుకుమంది. స్టూడియోలో నవ్వులు ఆగిపోయాయి. అదీ వచ్చింది. "పన్నెండు" అన్నాడు బాపు, అరచేయి చూసుకుని. సరిగ్గా అప్పుడే, ఏనుగుల్లేక ఖాళీ అయిన నడిమి మైదానంలోకి ఎర్ర చుక్కలు రెండు వైపుల నుంచి వచ్చి నన్ను చుట్టేశాయి. భేరీ మోగింది. తెర మీద 'పురుషోత్తముడు బందీ' అని పడింది.

"మీరు యుద్ధం ఓడిపోయారు సర్" అన్నాడు యాంకర్ నవ్వుతూ.

"యుద్ధం సంగతి పాప చూసుకుంటది సారూ. నావి పన్నెండు పోయినయి, పన్నెండు వచ్చినయి."

"పాపే కదా సర్ బందీ అయ్యింది."

బాపు మొదటిసారి తెర నడిమికి చూశాడు. ఆయన ముఖం అలా మారడం నేను అంతకుముందు చూడలేదు. యాంకర్ అడగకుండానే చరిత్ర సారు మైకు తీసుకున్నాడు. "అసలు యుద్ధంలో ఆ ముందు దళం దాదాపుగా నాశనమైంది. చాలాసార్లు పాఠం చెప్పాను కానీ, వాళ్లను వెనక్కి తేవచ్చని నాకు ఎప్పుడూ తోచలేదు" అని, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. నేను మాత్రం కిరీటం తీసి బల్ల మీద విసిరికొట్టాను. (అదీ టీవీలో వచ్చింది.)

మధ్యాహ్నం రైల్లో తిరుగు ప్రయాణం. కాజీపేటలో భాయి సమోసాలు కొని మా మధ్య పెట్టి, తప్పంతా తనదే అన్నట్టు కూర్చున్నాడు. జమ్మికుంట దాటాక నేనే అన్నాను. "నువ్వు కావాలనే ఓడగొట్టినవ్ బాపు. నన్ను హైదరాబాద్ పంపొద్దని."

"కర్ర మామ కాలు ఎట్ల పోయిందో నీకెరుకనా?" అన్నాడు బాపు.

"బొగ్గు బాయిల పోయిందంటరు గద."

"బాయిల పోలే. నా దగ్గర పోయింది. నువ్వు మూడో తరగతిల ఉన్నవ్ గప్పుడు. మొదటి షిఫ్టు దిగింది. ఒక్క ఖానా ఖాళీగుండె, ఆయనదే. పెద్దసారుకు చెప్పిన. వాడు లైటు ఇంటికి పట్కపోయి ఉంటడు, వదిలెయ్యి, ఇంటికి పో అన్నడు. నేను ఇంటికొచ్చిన. కాళ్లు కడుక్కొని బువ్వ ముందట కూసున్న. ముద్ద దిగలే. సైకిలెక్కి మల్ల పోయి లొల్లి వెట్టిన. దిగి చూస్తే బండ కింద ఇరుక్కొని ఉన్నడు. గంట ముందు పోతె కాలు దక్కుతుండె అన్నడు డాక్టరు." బాపు అరచేతిలోని పన్నెండును బొటనవేలితో రుద్దాడు, అది పోలేదు. "ఆయనకు అంతా ఎరుక. ఒక్కనాడు ఒక్క మాట అనలే. పోతె చాయ్ పోస్తడు. తాగుత."

ఆ పొద్దున 'వదిలెయ్యి' అని నేను ఎంత తేలిగ్గా అన్నానో గుర్తొచ్చి, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. భాయి రుమాలుతో కళ్లు ఒత్తుకుని, "సమోసల మిర్చి ఎక్కువేసిండు" అన్నాడు.

"గానీ తప్పు నాదే బిడ్డా" అన్నాడు బాపు. "పన్నెండు లెక్కవెట్టిన, నిన్ను లెక్కవెట్టలే. పందెంల నువ్వు ఓడిపోలే, నీ దళపతి నీ మాట ఇనలే. హైదరాబాద్ పో. నేను పంపుత."

షో టీవీలో వచ్చిన మర్నాడు నేనూ బాపుతో కలిసి కర్ర మామ హోటల్‌కు పోయాను. ఆయన మమ్మల్ని చూసి, "పన్నెండుకు పన్నెండు వచ్చినయ్ గదనే" అన్నాడు, బాపు గ్లాసులో ఇంకో చెంచా చక్కెర వేశాడు. ఆ రోజు చాయ్ ఇంకా తియ్యగా, ఇంకా చెడ్డగా ఉంది. ఇద్దరం చుక్క మిగల్చకుండా తాగాం.

హైదరాబాద్ పోయాను. ఇక్కడ నేను మహా విజయాలు సాధించానని మీరు ఆశపడితే, ఆ తప్పు నాది కాదు. కోర్సులో మొదటి నెలంతా ఒక బంతిని కిందపడేసి ఎగరేయించారు. రెండో నెల నుంచి ఒక మనిషిని నడిపించమన్నారు. నాలుగో నెల వచ్చినా నా మనిషి కుంటుతూనే నడిచాడు. యుద్ధాలు చేయడం వేరనీ, ఒక్క మనిషిని సరిగ్గా నిలబెట్టి నాలుగు అడుగులు వేయించడం వేరనీ అర్థమై, పెట్టె సర్దుకుని రైలెక్కాను. మంచిర్యాల స్టేషన్‌లో బాపు నిలబడి ఉన్నాడు. నేను చెప్పలేదా అంటాడేమోనని దారి పొడుగునా జవాబులు తయారుచేసుకున్నాను. ఆయన పెట్టె చేతిలోకి తీసుకుని, "వచ్చినవా" అన్నాడు, అంతే. ఆ జవాబులన్నీ ఇప్పటికీ నా దగ్గర వాడకుండానే ఉన్నాయి.

బి.ఎడ్. చేశాను, టీచర్‌నయ్యాను. మొన్న చలికాలంలో మా బడి పిల్లలను కరీంనగర్ దగ్గర ఎలగందుల కోటకు తీసుకుపోయాం. బురుజుల మీదికి ఎక్కి పిల్లలు రెండు సైన్యాలుగా విడిపోయి పొద్దంతా యుద్ధం చేశారు. నేను కింద నిలబడి, ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉందో చూస్తూ మెడ నొప్పి తెచ్చుకున్నాను. బస్సెక్కేటప్పుడు ఒకసారి, ఎక్కాక ఒకసారి, డ్రైవర్ హారన్ కొడుతుంటే మూడోసారి లెక్కపెట్టాను. "అందరు వచ్చిన్రు గదా మేడం" అని తోటి టీచర్ విసుక్కుంది. ఆ విసుగు అచ్చం మా అవ్వ విసుగులా ఉంది.

సాయంత్రం బడి దగ్గర చివరి పిల్లను వాళ్ల నాన్నకు అప్పగిస్తుండగా ఫోన్ మోగింది. బాపు. రిటైరై చాలా ఏళ్లయింది, ఇప్పుడు మా దగ్గరే ఉంటాడు. కోట ఎలా ఉందని అడగలేదు.

"ఎంతమంది పోయిన్రు?"

"నలభై మూడు బాపు."

"ఎంతమంది వచ్చిన్రు?"

"నలభై మూడు. అందరు ఇంటికి పోయిన్రు. నువ్వు తిన్నవా?"

"ఇంకా లేదు. నలభై నాలుగోది రాలే గద" అన్నాడు. "పిల్లలను నువ్వు లెక్కవెట్టు. నిన్ను నేను లెక్కవెడ్త. వచ్చినంక తింట."

ఫోన్ పెట్టేసి స్కూటీ తీశాను. అట్ట కిరీటం చెవుల మీదికి జారుతుంటే, 'అవి చుక్కలే బాపు' అని అరిచిన ఆ పిల్ల గుర్తొచ్చింది. ఇప్పుడు కనబడితే దాని కిరీటం సర్ది, ఏమీ అనకుండా వెనక కూర్చోబెట్టుకుని ఇంటికి తీసుకుపోతాను. వీధి మలుపు తిరిగేసరికి బాపు గేటు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. నా స్కూటీ లైటు కనబడగానే లేచి లోపలికి నడిచి, "బువ్వ పెట్టుండ్రి" అన్నాడు.